అలమారా తలుపు వెనక గుడ్డ

నవంబరు 3

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా అక్షరాలు బాగుండవు. ఒత్తులు ఒక చోట పెట్టాల్సినవి ఇంకో చోట పడతాయి. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి నాన్న టైలరు షాపులో బొత్తాలు కుట్టడానికి కూర్చున్నాను. అప్పటినుంచి చేతికి సూది అలవాటైంది గాని కలం అలవాటు కాలేదు. ఇది నాకోసమే రాసుకుంటున్నాను. అయినా ఎవరి కంటనైనా పడుతుందేమోనని ముందే చెప్పి పెడుతున్నాను.

ఈ డైరీ మా ఆయనకి పని చేసే చోట ఇచ్చారు. ఆయన కాటాలు బాగుచేసే షాపులో పని చేస్తారు. డైరీ కిందటేడాదిది, వారాలు కలవవు. వారం కొట్టేసి తారీకు ఉంచుకుంటున్నాను.

ఇవాళ అన్నాల దగ్గర అత్తయ్య తేల్చి చెప్పేశారు. నెలాఖరుకి ఆయన అక్క, మా వదిన, పిల్లలతో వస్తోంది. వాళ్లకి వేరే ఇల్లు దొరికేదాకా ఇక్కడే ఉంటారు. చిన్నగది వాళ్లకి కావాలి.

"ఒరేయ్, ఆ గదిలో ఉన్న నీ మ్యూజియం సంగతి చూడు. గోడ అలమారా ఒక్కటీ నీకు వదిలేస్తా. అందులో పట్టిందంతా నీది. పట్టనిది పాత సామాన్లాయనది."

"సరేలే అమ్మా."

"సరే అంటే సరిపోదు. అలమారా తలుపు పడాలి. తాడేసి కట్టడం, కుర్చీ అడ్డం పెట్టడం నా దగ్గర కుదరదు."

ఆయన ఇంకో ముద్ద కలపకుండా లేచిపోయారు. కాటాల షాపు నుంచి రాగానే ఆయన ఆ గదిలోనే కూర్చుంటారు. పాత రేడియోల్లోంచీ, పాడైన కాటాల్లోంచీ పీకిన ముక్కలతో ఏవేవో చిన్న యంత్రాలు చేస్తారు. అవి ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పెళ్లయి ఏడాది కాలేదు. "మంచినీళ్లు", "ఉప్పు సరిపోయిందా" దాటి మా మాటలు పెద్దగా ముందుకి పోలేదు. మాటల దగ్గర ఇద్దరం పిసినారులమే.

ఆ గది ఖాళీ అయితే నాకేం? ఊడ్చుకోవడం తేలిక.

నవంబరు 4

ఒక డబ్బా మూత తీశాను. చూశాను. మూసేశాను.

నవంబరు 6

దుమ్ము దులపడానికే వెళ్లాను, వేరే ఉద్దేశం ఏమీ లేదు. బిస్కెట్ డబ్బాలు, చెప్పుల అట్టపెట్టెలు, పిడి ఊడిన గిన్నె. అన్నిట్లోనూ అన్నీ ఉన్నాయి. ఆయనకి ఒక ముక్క కావాలంటే డబ్బా మొత్తం పేపరు మీద బోర్లించి, వెతికి, దొరికాక మళ్లీ పేపరు మడిచి డబ్బాలో పోసేస్తారు. నేను తలుపు సందులోంచి ఎన్నోసార్లు చూశాను. పని చేసేది కాసేపు, వెతికేది గంటలు.

నాన్న షాపులో బొత్తాలన్నీ నా చేతిలోనే ఉండేవి. ఎవరైనా ఒక బొత్తాం పోయిన కోటు తెచ్చి నిలబడితే, నేను సొరుగులో చెయ్యి పెట్టి దాని జత తీసి ఇచ్చేదాన్ని. "మా అమ్మాయి వేళ్లకి కళ్లున్నాయి" అని నాన్న వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఇక్కడికి వచ్చాక ఆ మాట అనేవాళ్లు లేరు. అనాలని కాదు.

ఒక డబ్బా బోర్లించాను. చిన్న చిన్న పుల్లల్లాంటివి ఉన్నాయి. బియ్యపు గింజంత పొట్ట, రెండు వైపులా తీగ, పొట్ట చుట్టూ రంగు గీతలు. బొత్తాల కంటే ముద్దుగా ఉన్నాయి. ఒకే రకం గీతలున్న వాటిని ఒక చోట వేస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద కూర మాడింది. అత్తయ్యకి వాసన తెలిసిపోయింది.

"ఏమే అమ్మాయ్, నా చెవులు మందమని మీరనుకుంటున్నారేమో, ముక్కు మాత్రం మందం కాదు."

నవంబరు 9

పెద్ద నగుబాటు అయ్యింది. అయినా బాగుంది.

ఆ పుల్లల్లో దాదాపు అన్నిటికీ ఒక చివర బంగారు గీత ఉంది. మొదటి గీత అదే అనుకున్నాను. ఇంటిపేరు ఒకటైతే ఒక ఇంట్లో ఉండాలి కదా అని బంగారు గీత వాటినన్నిటినీ ఒకే పెట్టెలో పోశాను. వెండి గీతవి నాలుగు మిగిలితే వాటికి వేరే పెట్టె ఇచ్చాను.

ఆయన వచ్చి చూశారు. "ఎవరు ముట్టుకున్నారివి?" అన్నారు.

"నేనే. ఇంటిపేరు చూసి సర్దాను."

"ఇంటిపేరేంటి?"

బంగారు గీత చూపించాను. ఆయన ఆ పెట్టె వైపు చూశారు, నా వైపు చూశారు, కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. పెళ్లయ్యాక ఆయన నవ్వు ఇంత పెద్దగా వినడం ఇదే.

"ఈ ఊళ్లో అందరి ఇంటిపేరూ ఇదే! ఇది తోక. తల అటు వైపుంది. అక్కణ్నుంచి మూడు గీతలు చదవాలి."

"చదవాలా? ఏమని?"

ఒక పుల్ల నా అరచేతిలో పెట్టి చెప్పారు. రంగుకో అంకె. ఆ అంకెల్ని బట్టి అది కరెంటుని ఎంత అడ్డుకుంటుందో తెలుస్తుంది. కొన్ని కొంచెం అడ్డుకుంటాయి, కొన్ని గట్టిగా అడ్డుకుంటాయి.

"మీ అమ్మగారి లాగా" అన్నాను. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట! వెంటనే నోరు మూసుకున్నాను. ఆయన మళ్లీ నవ్వారు.

నవంబరు 10

నలుపు సున్నా. గోధుమరంగు ఒకటి. ఎరుపు రెండు. నారింజ మూడు. పసుపు నాలుగు. ఆకుపచ్చ అయిదు. నీలం ఆరు. ఊదా ఏడు. బూడిద ఎనిమిది. తెలుపు తొమ్మిది.

కూరగాయలు తరుగుతూ పైకి అనుకుంటున్నానట. "ఏమే, కూరకి పాఠం చెప్తున్నావా?" అన్నారు అత్తయ్య.

నవంబరు 13

ఆయన పనికిరాని రేడియో పెట్టెలు, ఖాళీ డొక్కులు తనంతట తనే బయట పెట్టేశారు. మిగిలినవన్నీ డబ్బాలతో అలమారాలో పేరిస్తే సగమే పట్టాయి. పెట్టి తీసి, పెట్టి తీసి, ఆయన నుదురు తుడుచుకుని బయటికి వెళ్లిపోయారు.

అప్పుడు చూశాను. అలమారా తలుపు లోపలి వైపు అంతా ఖాళీ. అంత పెద్ద చోటు పెట్టుకుని అరల్లో కొట్టుకుంటున్నాం! నాన్న షాపులో ఇలాంటి తలుపుకే జేబుల గుడ్డ వేలాడేది. జేబుకో సైజు బొత్తాలు. మూట కడితే ముక్కలు చోటు తింటాయి. జేబుల్లో పరిస్తే ఒక డబ్బా సరుకు అరచేయి మందాన సర్దుకుంటుంది.

నా పెట్టె అడుగున నాన్న ఇచ్చిన నైలాన్ తెరగుడ్డ ఉంది. మెరుస్తుంది, నలగదు, లోపల ఏముందో లీలగా కనిపిస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

మధ్యాహ్నానికి కత్తిరించేశాను.

నవంబరు 15

జేబు మీద ఏముందో ఎలా తెలియాలి? ఆయన చీటీలు రాసి అంటించమన్నారు. నా అక్షరాలు రోజూ ఆయన కళ్ల ముందు వేలాడటమా? ససేమిరా. తర్వాత తట్టింది. పుల్ల మీద మూడు గీతలుంటే జేబు మీద అవే రంగుల్లో మూడు కుట్లు. పసుపు, ఊదా, ఎరుపు పుల్లకి పసుపు, ఊదా, ఎరుపు కుట్టు. చదవక్కర్లేదు, చూస్తే చాలు.

ఊదా దారం లేదు. బూడిద రంగూ లేదు. అత్తయ్య కుట్టుపెట్టెలో ఉన్నాయని తెలుసు. ఆ పెట్టె ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వరు. తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వినపడలేదు. దగ్గరికి వెళ్లి గట్టిగా అడిగితే, "అరుస్తావెందుకు, నాకేమన్నా చెవుడా?" అన్నారు.

"ఊదా, బూడిద దారాలు కావాలత్తయ్యా."

"దేనికి?"

చూపించాను. గుడ్డని అటూ ఇటూ తిప్పి, జేబు మూలల్ని గోటితో లాగి చూశారు. మూలలు ఎంత లాగినా రావు, నాకు తెలుసు.

"మొగుడి చెత్తకి పెళ్లాం కోటు కుట్టింది" అన్నారు. దారం రెండు రంగులూ ఇచ్చారు. "మిగిలితే తెచ్చియ్యి. ఇది నా పెళ్లప్పటి దారం."

నవంబరు 18

వేలాడదీశాం. ఎంత బాగుందో నేనే చెప్పుకోకూడదు. అయినా ఇక్కడ చెప్పుకోకపోతే ఇంకెక్కడ? చాలా బాగుంది.

పుల్లలు ఒక వైపు. చిన్న డ్రమ్ముల్లాంటివి ఇంకో వైపు, పొట్టివి పైన, పొడుగువి కింద. లైటు మొగ్గలు రంగుల వారీగా. మూడుకాళ్లవి నడుమ వరసలో. అన్నిటికంటే కింద జెర్రులు. ఆయన వాటిని ఐసీలు అంటారు. చిన్న నల్ల పలకకి రెండు వైపులా వరసగా కాళ్లు ఉంటే జెర్రి అనక ఏమనాలి? ఇప్పుడు ఆయన కూడా జెర్రి అంటున్నారు.

జెర్రుల్లో ఒకదానికి కాలు పూర్తిగా వంకర పోయింది. దాన్ని సూదిమొనతో కొంచెం కొంచెంగా సరిచేస్తున్నాను. పూర్తయ్యేదాకా జేబులో వెయ్యకుండా నా హుక్కుల స్టీలు డబ్బాలో పెట్టుకున్నాను.

ఆయన గుడ్డ ముందు నిలబడి కళ్లు మూసుకుని, "ఎక్కడేముందో చెప్పనా?" అన్నారు. చెప్పలేకపోయారు. నేను చెప్పాను. ఒక్కటీ తప్పు పోలేదు.

"అబ్బో!" అన్నారు. ఒక్క మాటే. నాకది చాలు.

నవంబరు 21

వంటగ్యాసు బండ తెచ్చినాయన బెల్లు కొట్టి కొట్టి వెళ్లిపోయాడట. నేను బజారులో ఉన్నాను. అత్తయ్య వంటింట్లోనే ఉన్నారు. కింది అంతస్తు ఆవిడ చెప్తే, "బెల్లు మోగితే నేను వినపడనట్టు కూర్చుంటానా? వాడసలు రాలేదు" అని అత్తయ్య పోట్లాటకి దిగారు. లోపలికొచ్చాక మాత్రం చాలాసేపు పొయ్యి దగ్గర ఊరికే నిలబడ్డారు.

ఆయన గుడ్డ దగ్గరికి వెళ్లి జేబుల్లో వేళ్లు పెట్టారు. వెతుక్కోలేదు, నేరుగా తీసుకున్నారు. గుమ్మం దగ్గర బెల్లు నొక్కితే వంటింట్లో ఎర్ర లైటు మినుకుమినుకుమంటుందట. వేలు తీసేసినా కాసేపు ఆగదట. అలా ఆగకుండా ఉంచే పని జెర్రిది.

"అక్క వచ్చేలోగా బిగించేద్దాం. అక్క వస్తే అమ్మే ముందు తలుపు తియ్యాలి" అన్నారు.

బిగించేద్దాం అన్నారు. బిగిస్తాను అనలేదు.

నవంబరు 23

ఇవాళ ఏమీ జరగలేదు. లైటు వెలగలేదు, అంతే.

నవంబరు 24

జెర్రి మార్చారు. వెలగలేదు. ఇంకోటి పెట్టారు. వెలగలేదు. పాతవి కదా అన్నారు. పాతవే అయ్యుంటాయి. గుడ్డ లాగినప్పుడల్లా చిటపటమంటోంది. ఈ పొడి చలికి దువ్వెనతో తల దువ్వినా అలాగే అంటుంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

సాయంత్రం వీధి చివర రేడియోలు బాగుచేసే తాతగారిని తీసుకొచ్చారు. నేను టీ పెడుతున్నాను. చిన్నగదిలో మాటలు వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తాయి.

"ఒరేయ్, ఈ ఐసీల్ని నైలాన్ గుడ్డలో పడుకోబెట్టిన మహానుభావుడు ఎవడురా?"

"నేనే తాతగారూ."

"నువ్వా? ఇన్నేళ్లు ముట్టుకుని కూడానా! ఈ గుడ్డ రాపిడికి పుట్టే కరెంటు మనకి చురుక్కుమంటుంది, వాటికి ప్రాణం పోతుంది. ఈ రకానికి భయం మరీ ఎక్కువ. అన్నీ పోయుంటాయి. మళ్లీ పెద్దూరు నుంచి తెప్పించాలంటే నెల పడుతుంది."

"తొందరలో చూసుకోలేదు."

"బుర్ర కూడా ఆ జేబులోనే పెట్టి మర్చిపోయావా?"

"అయ్యుంటుంది తాతగారూ."

టీ తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన నా వైపు చూడలేదు.

నవంబరు 25

పొద్దున్నే గుడ్డ దించి కుట్లు విప్పడం మొదలుపెట్టాను. ఆయన షాపుకి బయలుదేరుతూ ఆగిపోయారు.

"ఎందుకు విప్పుతున్నావు?"

"తాతగారికి అబద్ధం ఎందుకు చెప్పారు?"

ఆయన చెప్పులు వేసుకోబోతూ మళ్లీ విడిచి, వచ్చి నేల మీద కూర్చున్నారు.

"నువ్వు ఎంత సంబరంగా కుట్టావో చూశాను. ఆయన నోటి ముందు నిన్ను నిలబెట్టాలనిపించలేదు."

"అయితే నాకు చెప్పి ఉండాల్సింది. ఏ గుడ్డ పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్తే కదా నాకు తెలిసేది! మీరు తిట్లు తింటే నాకు గుడ్డ సంగతి తెలుస్తుందా?"

పెళ్లయ్యాక నేను మాట్లాడిన అతి పొడుగు మాట ఇదే. గొంతు కూడా పెద్దదైంది. పక్కగదిలోంచి అత్తయ్య, "ఏంటా గుసగుసలు?" అన్నారు. మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

తర్వాత ఆయన అన్నీ చెప్పారు. నూలుగుడ్డ పరవాలేదట. జెర్రుల్ని మాత్రం ఏ గుడ్డలోనూ పెట్టకూడదట. కాళ్లన్నీ ఒకేసారి లోహానికి తగిలేలా ఉంచాలట. అప్పుడు ఏ కాలికీ దెబ్బ తగలదట.

"లోహం అంటే? స్టీలైనా పరవాలేదా?"

"పరవాలేదు. ఏం?"

నేను లేచి వెళ్లి హుక్కుల డబ్బా తెచ్చాను. స్టీలు డబ్బా, లోపల నిండా స్టీలు హుక్కులు. వాటి మధ్య వెల్లకిలా పడుకుని ఉంది కాలు వంకర జెర్రి. కాలిప్పుడు వంకర లేదు. నా సూది ఆ పని పూర్తి చేసేసింది.

ఆయన దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ముందు కిటికీ ఊచని పట్టుకున్నారు, ఒంట్లో చురుకు పోవడానికట. తర్వాత తీసుకుని బిగించారు.

షాపుకి ఆలస్యమైంది. లైటు వెలిగింది.

నవంబరు 27

పాత నూలు దుప్పటితో మళ్లీ కుట్టాను. ఈసారి ఆయన పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు. కాటాల్లో వెంట్రుకంత తీగలు అతికించే మనిషి సూది బెజ్జం దగ్గర నానా అవస్థా పడ్డారు. ముందు దారం కొస తడి చేసుకోమని నేనే నేర్పాను.

జెర్రులకి ఇల్లు మారింది. స్పాంజి ముక్కకి వంటింటి వెండిరంగు కాగితం చుట్టి, అందులో కాళ్లు గుచ్చి, మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టాం. ఇప్పటికి ఆ ఇల్లు ఖాళీయే. వచ్చేవాటి కోసం.

ఊదా దారం సరిగ్గా సరిపోయింది. ఖాళీ కండె తిరిగి ఇచ్చాను. అత్తయ్య దాన్ని పారెయ్యకుండా పెట్టెలో పెట్టుకున్నారు.

నవంబరు 29

పాత సామాన్లాయన వచ్చాడు. బయట పెట్టిన డొక్కులు తూచుకుని, "గదిలో ఇంకా ఉన్నాయన్నారు కదమ్మా?" అన్నాడు.

అత్తయ్య నేరుగా చిన్నగదిలోకి వెళ్లారు. మేమిద్దరం వెనకే వెళ్లాం. అలమారా తలుపు తెరిచారు. గుడ్డంతా పైనుంచి కిందికి చూశారు. వరసలు వరసలుగా రంగు కుట్లు. ఊదా కుట్టు మీద వేలు పెట్టారు.

"ఇది నా దారమే."

"అవునత్తయ్యా."

తలుపుని ఒక్క వేలితో తోశారు. టక్కుమని పడింది. మళ్లీ తెరిచి మళ్లీ తోశారు. మళ్లీ పడింది. బయటికి వచ్చి పాత సామాన్లాయనతో, "మా ఇంట్లో పాత సామాను ఏమీ లేదయ్యా. ఉన్నదంతా పనికొచ్చేదే. వెళ్లిరా" అన్నారు.

మా ఆయన నా మోచేతిని తన మోచేతితో పొడిచారు. అందరి ముందూ!

నవంబరు 30

వదిన వచ్చింది.

లైటు సంగతి అత్తయ్యకి ఎలా చెప్పాలా అని ఆయన మూడు రోజులుగా మథనపడుతున్నారు. చెవుల ఊసెత్తితే ఇల్లు పీకి పందిరేస్తారు. చివరికి చెప్పకుండానే పొయ్యి పైన గోడకి బిగించేశారు. "ఏంటది?" అంటే, "అందానికమ్మా" అన్నారు.

మేమిద్దరం చిన్నగదిలో మంచం సర్దుతున్నాం. బెల్లు మోగింది. నేను కదలబోతే ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఇద్దరం వంటింటి వైపు చూస్తూ నిలబడ్డాం. గోడ మీద ఎర్ర మొగ్గ వెలిగింది, ఆరింది, వెలిగింది. అత్తయ్య గరిటె పట్టుకుని దాని వైపు, గుమ్మం వైపు మార్చి మార్చి చూస్తున్నారు. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా గరిటె వదిలేసి గుమ్మం వైపు నడిచారు. ఆ వయసులో అంత వేగం ఎప్పుడూ చూడలేదు. తలుపు ఆవిడే తీశారు.

"అమ్మా! నువ్వే తీశావే! నీకు బెల్లు వినపడిందా?" అంది వదిన.

"వినపడకేం? నా చెవులకేమొచ్చింది? మొదటిసారి నొక్కగానే వినపడింది."

వదిన మా వైపు చూసింది. ఆయన చాలా శ్రద్ధగా దిండు గలేబు సరిచేస్తున్నారు. నేను దుప్పటి మడత పెడుతున్నాను. వంటింట్లో లైటు ఇంకా మినుకుమంటూనే ఉంది.

పిల్లలు బెల్లు నొక్కి నొక్కి చంపుతున్నారు. అత్తయ్య ప్రతిసారీ వెళ్లి తలుపు తీస్తున్నారు. విసుక్కోవడం లేదు.

ఆయన గుడ్డ జేబులోంచి ఏదో తీయడానికి చిన్నగదిలోకి వెళ్తే వదిన వెనకే వెళ్లి అలమారా చూసిందట. "ఇంత పద్ధతి నీకెక్కడిదిరా?" అంటే ఆయన, "నాది కాదక్కా, మా ఆవిడది. వేళ్లకి కళ్లుంటాయి దానికి" అన్నారట. నాన్న మాట ఈ డైరీలో రాసుకున్నాను గాని ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆయనకి ఎలా తెలిసింది?

డైరీలో ఇంకా కాగితాలున్నాయి గాని రాయడానికి తీరిక ఉండేలా లేదు. జెర్రులు తెప్పిస్తున్నారు. వాటికి చోట్లు గుర్తుపెట్టాలి.

ఇది మీ చేతికి చిక్కితే, మీరెవరైనా సరే, దయచేసి చదివిన వెంటనే కాల్చేయండి. తప్పులన్నీ ఇందులోనే ఉన్నాయి. అలమారా తలుపు వెనక వేలాడే గుడ్డ జోలికి మాత్రం వెళ్లకండి. నేను చూశాను, మళ్లీ మళ్లీ చూశాను. దాంట్లో ఒక్క తప్పు కూడా లేదు.